లక్ష్యం ఎవరిది, రాత ఎవరిది? పునరావాస సేవల్లో ఉమ్మడి నిర్ణయ పద్ధతులపై ఒక సమీక్ష

పక్షవాతం వచ్చిన మనిషి ప్రాణాపాయం దాటాక అసలు నిర్ణయాలు మొదలవుతాయి. ముందు నడక మీద దృష్టి పెట్టాలా, పడిపోయిన చేతి మీదా? బిగుసుకుపోయిన కండరానికి బోటులినం ఇంజెక్షన్ ఇప్పించాలా, స్ప్లింటుతో నెట్టుకురావాలా? వీల్‌చైర్ ఇప్పుడే తీసుకుంటే నడిచే ప్రయత్నం మానేస్తాడేమో, తీసుకోకపోతే గడప దాటకుండా ఉండిపోతాడేమో. పాత పనికే వెళ్లాలా, వేరే పని చూసుకోవాలా? శస్త్రచికిత్సకు సరేనంటే మిగతా పనంతా సర్జను చేతిలో ఉంటుంది. పునరావాసంలో సరేనన్న తర్వాతి పనంతా ఆ మనిషిదే. తనకు పట్టని లక్ష్యం కోసం నెలల తరబడి రోజూ మూడు పూటలా చెయ్యి ఎత్తి దించే ఓపిక ఎవరికీ ఉండదు.

కాబట్టి ఈ రంగంలో నిర్ణయాలు కలిసి తీసుకోవాలన్న మాటకు ఎదురుచెప్పేవాళ్లు దాదాపు లేరు. గొడవంతా ఆ మాటను ఆచరణలో పెట్టే పద్ధతుల దగ్గరే. ప్రత్యామ్నాయాలను వివరించే కరపత్రాలు, లక్ష్యాలకు మార్కులు వేసే పట్టికలు, మాట రాని వాళ్ల కోసం బొమ్మల కార్డులు, చట్టం అడిగే పత్రాలు అన్నీ ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి. ఒక పద్ధతి మీద జరిగిన పరిశోధనను చూపించి ఇంకోదాన్ని సమర్థిస్తున్నారు, ఒకదాని లోపం చూపించి ఇంకోదాన్ని తోసిపుచ్చుతున్నారు. విడదీసి చూస్తే ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి: ఉన్నవాటిలో ఏది ఎంచుకోవాలి, ఎటు వెళ్లాలి, ఎవరి మాట చెల్లాలి. ఒక్కో ప్రశ్న నుంచి ఒక్కో పద్ధతుల కుటుంబం పుట్టింది. ఒకదాని పని ఇంకోటి చేస్తుందనుకోవడం వల్లే ఈ చర్చ ఇంతగా ముడిపడిపోయింది.

మూడు చోట్ల మొదలైన కథ

కాలక్రమంలో ముందు వచ్చింది లక్ష్యాల పద్ధతి. 1968లో అమెరికాలో థామస్ కిరెసుక్, రాబర్ట్ షెర్మన్ గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్‌ను ప్రతిపాదించారు. సమాజ మానసిక ఆరోగ్య కార్యక్రమాలను ఎలా మదింపు చేయాలన్నది వాళ్ల సమస్య. వచ్చేవాళ్లలో ఒక్కొక్కరి బాధ ఒక్కో తీరుగా ఉన్నప్పుడు అందరికీ కలిపి ఒకే కొలత ఎలా పెట్టాలి? ఎవరి లక్ష్యం వాళ్లకే రాసి, అది ఎంతవరకు నెరవేరిందో ఒకే స్కేలు మీద చూపవచ్చన్నది వాళ్లు కనిపెట్టిన ఉపాయం. అంటే ఇది మదింపు సాధనంగా పుట్టింది. రోగి మాట అందులోకి తర్వాత వచ్చి చేరింది. ఆ పుట్టుమచ్చ ఇప్పటికీ చెరగలేదు.

రెండో కథ వైద్య నైతికతది. 1982లో అమెరికా అధ్యక్షుడు నియమించిన వైద్య నైతిక కమిషన్ తన నివేదికలో, రోగి సమ్మతి అంటే సంతకం మాత్రమే కాదనీ ఇద్దరూ కలిసి నిర్ణయానికి రావాలనీ చెప్పింది. 1992లో ఎజెకియెల్ ఇమాన్యుయెల్, లిండా ఇమాన్యుయెల్ వైద్యుడు-రోగి సంబంధాన్ని నాలుగు నమూనాలుగా విడదీశారు: పెద్దరికం చేసేది, సమాచారం ఇచ్చి ఊరుకునేది, రోగి మనసులోని విలువలను తేటపరిచేది, ఆ విలువలపైనే కలిసి తర్కించేది. 1997లో కెనడాకు చెందిన క్యాథీ చార్ల్స్, అమిరామ్ గాఫ్ని, టిమ్ వెలన్ ఉమ్మడి నిర్ణయానికి కనీస షరతులు చెప్పారు. కనీసం ఇద్దరు ఉండాలి, ఇద్దరూ సమాచారం పంచుకోవాలి, ఏకాభిప్రాయానికి ఇద్దరూ ప్రయత్నించాలి, చివరికి ఏ చికిత్స చేయాలో ఒప్పుకోవాలి. రొమ్ము క్యాన్సర్ లాంటి ప్రాణాంతక జబ్బులను దృష్టిలో పెట్టుకుని కట్టిన నమూనా ఇది. ఒక వైద్యుడు, ఒక రోగి, స్పష్టంగా కనిపించే రెండు మూడు దారులు, గడువు దగ్గరపడుతున్న ఒక నిర్ణయం. పునరావాస విభాగం ఈ దృశ్యాన్ని పోలి ఉండదు. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, నర్సు, వైద్యుడు, సామాజిక కార్యకర్త అందరూ ఒకే మనిషి చుట్టూ నెలల తరబడి తిరుగుతుంటారు. చిన్న చిన్న నిర్ణయాలు వారం వారం పడుతుంటాయి.

మూడో కథ ఆసుపత్రి బయట మొదలైంది. 14వ ఏట పోలియో సోకి మెడ కింది భాగమంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1960ల మొదట్లో బర్కిలీలో చదువుకోవడానికి ఆర్థిక సాయం అడిగితే, కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట కాదంది. ఇంత తీవ్ర వైకల్యం ఉన్నవాడు ఉద్యోగం చేయలేడని ఆ శాఖ కౌన్సెలర్ల అంచనా. 1972లో రాబర్ట్స్, ఆయన మిత్రులు బర్కిలీలో స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. 1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆయన్ని అదే శాఖకు డైరెక్టరుగా నియమించాడు. నిపుణుల అంచనా ఎంత ఘోరంగా తప్పవచ్చో చెప్పడానికి వికలాంగుల ఉద్యమం ఈ ఉదంతాన్ని ఇప్పటికీ వాడుతుంది. వాడుకునే హక్కు ఉంది కూడా. అమెరికాలో 1973 పునరావాస చట్టం, కౌన్సెలరూ సేవ పొందే వ్యక్తీ కలిసి రాతపూర్వక ప్రణాళిక తయారుచేయాలని నిర్దేశించింది. 1992 సవరణలు అన్నీ తెలుసుకుని ఎంచుకునే హక్కును బలపరిచాయి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక దీన్ని ప్రపంచ స్థాయికి తీసుకెళ్లింది. భారతదేశం దాన్ని 2007 అక్టోబరులో ఆమోదించింది.

ఏది ఎంచుకోవాలి: ప్రత్యామ్నాయాల బడి

వైద్య నైతికత నుంచి పుట్టిన బడి ఇది. దీని ప్రధాన సాధనం నిర్ణయ సహాయక పత్రం. ఉన్న దారులేమిటి, ఒక్కోదాని లాభనష్టాలేమిటి, ఎంతమందిలో ఏం జరుగుతుంది, మీకు ఏది ముఖ్యం అన్న వరుసలో అది నడుస్తుంది. కెనడాలో ఆనెట్ ఓకానర్ బృందం రూపొందించిన ఒటావా నమూనా దీనికి పునాది. నిర్ణయం దగ్గర రోగి పడే ఊగిసలాటను కొలవడానికి 16 అంశాల స్కేలు కూడా అక్కడి నుంచే వచ్చింది. 2012లో గ్లిన్ ఎల్విన్, ఆయన సహచరులు సంభాషణను మూడు దశలుగా విడగొట్టి 2017లో ఆ నమూనాను సవరించారు. ముందు కలిసి పనిచేస్తున్నామని చెప్పే మాట, తర్వాత దారులను పోల్చే మాట, చివరగా నిర్ణయపు మాట. తేలిగ్గా నేర్పించగలిగిన పద్ధతి కాబట్టి వైద్య కళాశాలల్లో బాగా పాకింది.

ఆధారాల విషయంలో ఈ బడిదే పైచేయి. 2024 కోక్రేన్ సమీక్ష 209 అధ్యయనాలను, లక్షకు పైగా మనుషులను లెక్కలోకి తీసుకుంది. సహాయక పత్రాలు వాడినవాళ్లలో విషయ పరిజ్ఞానం పెరిగింది, ప్రమాదాల అంచనా మెరుగుపడింది, తమ విలువలకు తగ్గ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎక్కువయ్యారు. ఈ అధ్యయనాలు ఎక్కువగా శస్త్రచికిత్సలు, స్క్రీనింగ్ పరీక్షలు, మందుల చుట్టూ తిరిగినవే. పునరావాసం గురించి చెప్పేటప్పుడు ఈ అంకెలను అలాగే తెచ్చి అతికించడం తగదు. పైగా పత్రం ఇస్తే రోగికి మేలు జరగడం వేరు, వైద్య సిబ్బంది తీరు మారడం వేరు. సిబ్బందిని ఉమ్మడి నిర్ణయం వైపు మళ్లించే ప్రయత్నాలపై 2018లో వచ్చిన మరో కోక్రేన్ సమీక్ష 87 అధ్యయనాలు చూసి కూడా ఏది పనిచేస్తుందో గట్టిగా చెప్పలేకపోయింది.

అలాగని ఈ బడి పునరావాసానికి పనికిరాదని కాదు. చెవులు వినపడని పసిబిడ్డకు కాక్లియర్ ఇంప్లాంటా, సంజ్ఞా భాషా, రెండూనా అన్నది అచ్చం ఇలాంటి ప్రశ్నే. గడువుంది, దారులు స్పష్టంగా ఉన్నాయి, వెనక్కి తీసుకోలేని భాగముంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఖర్చు భరించడంతో ఎన్నో పేద కుటుంబాల ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. ఖర్చు ప్రభుత్వానిదైనప్పుడు ఇక ఎంచుకునేదేముంది అనిపిస్తుంది. శస్త్రచికిత్స తర్వాత ఏళ్ల తరబడి మాటల శిక్షణ, పరికరం విడిభాగాలు, బ్యాటరీలు, దగ్గర్లో థెరపిస్టు ఉన్నారా లేదా అన్నవి నిర్ణయంలో భాగమే. వాటిని ఒక కాగితం మీద ముందే పెట్టడం ఈ బడి చేయగల మేలు.

కృత్రిమ కాలు సంగతి ఇంకా ఆసక్తికరం. పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం చెలామణీ అయిన సాచ్ అనే కృత్రిమ పాదం బూటు లోపల ఇమడటానికి తయారైంది. 1960ల చివర్లో జైపూర్‌లో శిల్పకారుడు రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు పి.కె. సేథి తయారుచేసిన రబ్బరు పాదంతో చెప్పులు లేకుండా నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, పొలంలో బురదలోకి దిగవచ్చు. అప్పటిదాకా రోగులకు దొరికిన ఎంపికల జాబితాలో ఈ కాలే లేదు. ప్రత్యామ్నాయాల బడికి ఉన్న పెద్ద పరిమితి ఇక్కడ బయటపడుతుంది. జాబితాలో ఉన్నవాటి మధ్య ఎంచుకోవడానికి అది బాగా సాయపడుతుంది. జాబితాయే తప్పయితే ఎంత చక్కటి పత్రమైనా ఆ సంగతి చెప్పదు.

ఎటు వెళ్లాలి: లక్ష్యాల బడి

పునరావాస కేంద్రాల్లో రోజువారీ వాడుకలో ఉన్నది ఎక్కువగా ఈ బడి సాధనాలే. గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ ఎలా నడుస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. చీరాల వైపు గుంటమగ్గం నేసే మనిషికి కుడి చెయ్యి బలహీనపడింది. మూడు నెలల తర్వాత అరగంట ఆగకుండా నేయగలగడం ఆశించదగ్గ ఫలితం అనుకుంటే దానికి 0. గంట నేయగలిగితే +1, పూటంతా నేయగలిగితే +2. పది నిమిషాలకే చెయ్యి దించేస్తే −1, అసలు నేయలేకపోతే −2. ఇలాంటి లక్ష్యాలు రెండు మూడు రాసి, కావాలంటే ప్రాముఖ్యాన్ని బట్టి బరువులిచ్చి, అన్నీ కలిపి ఒక స్కోరు కడతారు. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగితే 50 వస్తుంది. లండన్‌లో లిన్ టర్నర్-స్టోక్స్ దీన్ని పని ఒత్తిడిలోనూ వాడుకునేలా తేలిక చేశారు.

ఈ పట్టికలో అసలు అధికారం 0 దగ్గర ఉంటుంది. ఆశించదగ్గది ఏదో ఎవరు చెప్పాలి? అనుభవం థెరపిస్టుకుంది, అవసరం నేతగాడికుంది. 0ను కాస్త కిందికి జరిపితే కేంద్రం స్కోరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ స్కోరును సగటు లెక్కలకు వాడటం గణితపరంగా సబబేనా అన్న వాదన ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఐదు మెట్ల మధ్య దూరాలు సమానమని ఎవరూ నిరూపించలేదు.

కెనడా ఆక్యుపేషనల్ థెరపిస్టులు 1990ల మొదట్లో తెచ్చిన కోప్మ్ (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) మరో తీరు. మేరీ లా, ఆమె సహచరులు రూపొందించిన ఈ ముఖాముఖిలో సొంత పనులు, ఉత్పాదక పనులు, తీరిక పనుల్లో ఇబ్బంది ఎక్కడుందో మనిషినే అడుగుతారు. ప్రాముఖ్యాన్ని 1 నుంచి 10 వరకు వేసుకున్నాక, ఎక్కువ ముఖ్యమైన ఐదింటి వరకు తీసుకుని, ఎంత బాగా చేయగలుగుతున్నారు, దానితో ఎంత తృప్తిగా ఉన్నారు అని విడివిడిగా మార్కులు వేయిస్తారు. చికిత్స తర్వాత రెండు పాయింట్లు పెరిగితే అది లెక్కించదగ్గ మార్పని చెబుతారు. ఇందులో మార్కులు వేసేది రోగే. పనిని, తృప్తిని విడదీయడం మంచి ఆలోచన. ఒకరు పని మునుపటిలాగే చేస్తూ ఇప్పుడు తృప్తి పడవచ్చు, ఇంకొకరు చాలా మెరుగుపడీ పడకపోవచ్చు. ఫిజియోథెరపీలో 1995 నుంచి ఉన్న పేషెంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేలు ఇదే దారిలో నడిచే పొట్టి రూపం. మూడు నుంచి ఐదు పనులు, ఒక్కోదానికి 0 నుంచి 10.

వీటన్నిటి మీదా పరుచుకున్న నీడ ‘స్మార్ట్’ సూత్రం. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవదగ్గదిగా, సాధ్యమయ్యేదిగా, సందర్భానికి తగినదిగా, గడువుతో ఉండాలంటుంది. ఇది 1980ల్లో కంపెనీల నిర్వహణ నుంచి వచ్చింది. లక్ష్యం రాసే చేతికి ఈ సూత్రం నచ్చుతుంది, ఎందుకంటే ఫైలు శుభ్రంగా కనిపిస్తుంది. మనుషులు మొదట చెప్పే కోరికలు మాత్రం ఆ అచ్చులో ఇమడవు. మళ్లీ మునుపటిలా ఉండాలి, ఇంట్లో నా మాట చెల్లాలి, పిల్లల పెళ్లిలో నిలబడాలి. థెరపిస్టు వీటిని కొలవదగ్గ వాక్యంగా మార్చేసరికి కోరిన మనిషికే అది తనదని అనిపించని స్థితి వస్తుంది.

న్యూజిలాండ్‌కు చెందిన విలియం లెవాక్ ఈ గందరగోళాన్ని 2006లో చక్కగా విడదీశాడు. లక్ష్యాలు రాయడం వెనక నాలుగు వేర్వేరు ఉద్దేశాలున్నాయన్నాడు: ఫలితం మెరుగుపరచడం, రోగి స్వేచ్ఛను గౌరవించడం, ఫలితాన్ని కొలవడం, ఒప్పందాలూ చట్టాలూ వృత్తి నియమాలూ అడిగింది చూపించడం. ఈ నాలుగూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ప్రేరణ కోసమైతే కాస్త అందనంత ఎత్తులో లక్ష్యం పెట్టాలి. కొలతకైతే అందేంతలో పెట్టాలి. స్వేచ్ఛ కోసమైతే రోగి ఎంచుకున్నది ఎంత అశాస్త్రీయంగా ఉన్నా రాయాలి. బీమా కోసమైతే రాయకూడదు. 2015లో లెవాక్ బృందమే చేసిన కోక్రేన్ సమీక్ష 39 అధ్యయనాలను, 2,846 మందిని చూసింది. లక్ష్యాలు రాసుకోవడం వల్ల జీవన నాణ్యత, తన మీద తనకు నమ్మకం కొంత మెరుగుపడవచ్చని తేలింది కానీ ఆధారాల నాణ్యత చాలా తక్కువ. ఇంతగా వాడుకలో ఉన్న పద్ధతికి ఇంత పలచని పునాది ఉండటం పునరావాస రంగం ఇంకా సరిగ్గా జీర్ణించుకోని విషయం.

ఎవరి మాట చెల్లాలి: మద్దతు బడి

పై రెండు బడులూ రోగి మాట్లాడగలడనీ, చెప్పింది అర్థం చేసుకోగలడనీ అనుకునే మొదలవుతాయి. పక్షవాతం తర్వాత అఫేసియాతో మాట పడిపోయిన వాళ్లు, మేధోవైకల్యం ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలి తమ లోపం తమకే తెలియని వాళ్లు ఆ ఊహలోకి రారు. మూడో బడి అక్కడే పని మొదలుపెడుతుంది.

టొరంటోలో ఆరా కేగన్ అఫేసియా ఉన్నవాళ్లతో మాట్లాడే విధానాన్ని శిక్షణగా మలిచింది. మాట రానంతమాత్రాన ఆలోచన పోలేదన్నది ఆమె మొదటి సూత్రం. సైగలు, రాసిన కీలక పదాలు, బొమ్మలు, అవును-కాదు చూపే గుర్తులు వాడి అవతలి మనిషి తెలివిని ఒప్పుకుంటూ బయటికి తీసుకురావాలి. ఇక్కడ శిక్షణ రోగికి కాదు, ఎదుటివాడికి. స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన టాకింగ్ మ్యాట్స్‌లో బొమ్మల కార్డులను ఒక చాప మీద ఇష్టం, కష్టం, ఎటూ తేలనిది అన్న వరసల్లో పెట్టిస్తారు. చివర్లో ఫొటో తీసి దాన్నే రికార్డుగా ఉంచుతారు. లక్ష్యాల పత్రం కంటే ఇది నమ్మదగ్గ రికార్డు అనిపిస్తుంది. థెరపిస్టు వాక్యం మధ్యలో దూరదు.

మానసిక పునరావాసంలో ప్యాట్రిషియా డీగన్ పని ప్రస్తావించాలి. యౌవనంలోనే స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయిన ఆమె తర్వాత మనస్తత్వవేత్త అయింది. ఆమె రూపొందించిన కామన్‌గ్రౌండ్ పద్ధతిలో రోగి డాక్టరు గదిలోకి వెళ్లేముందు అదే అనుభవం దాటొచ్చిన ఒక తోటి మనిషి సాయంతో కంప్యూటరు మీద తన పరిస్థితిని ఒక పేజీలో రాసుకుంటాడు. మందులు ఎలా ఉన్నాయి, మందులు కాక తనకు ఏం మేలు చేస్తోంది, ఈ రోజు డాక్టరు నుంచి ఏం కావాలి. ఆ పేజీ చేతిలో పట్టుకుని లోపలికి వెళతాడు. ఉమ్మడి నిర్ణయం డాక్టరు కుర్చీ ముందు మొదలవ్వాలనే అలవాటును ఇది తిప్పేసింది. వెయిటింగ్ హాలునే పనిచేసే చోటు చేసింది.

చట్టాలు ఈ బడిని ముందుకు తోశాయి. ఒడంబడికలోని 12వ అధికరణం వికలాంగులందరికీ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది. 2014లో ఐరాస కమిటీ ఇచ్చిన వివరణ ఇంకా దూరం వెళ్లి, ఒకరి తరఫున ఇంకొకరు నిర్ణయించే పద్ధతులను తీసేసి, మద్దతుతో నిర్ణయం తీసుకునే ఏర్పాట్లు పెట్టమంది. తీవ్ర మెదడు గాయం ఉన్న వ్యక్తి విషయంలో ఇది ఆచరణ సాధ్యమేనా అని వైద్యులు అడుగుతున్నారు. సాధ్యం కాదన్న పేరుతో ఎందరి నోరు ఇప్పటిదాకా నొక్కారని ఉద్యమకారులు తిరిగి అడుగుతున్నారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే.

మన చట్టాలు మధ్యలో ఎక్కడో నిలబడ్డాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సమాచారం అర్థం చేసుకోగలిగినా, పర్యవసానం గ్రహించగలిగినా, ఏదో ఒక తీరున, మాటతోనో ముఖకవళికలతోనో సైగతోనో, తన నిర్ణయం తెలపగలిగినా ఆ మనిషికి సామర్థ్యం ఉన్నట్టే అంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పూర్తి సంరక్షకత్వం బదులు పరిమిత సంరక్షకత్వాన్ని తెచ్చింది. సంరక్షకుడు, వికలాంగుడు పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించే వ్యవస్థగా, ఒక నిర్ణీత కాలానికి, ఒక నిర్దిష్ట విషయానికి, వికలాంగుడి ఇష్టానికి లోబడి ఉండేదిగా దాన్ని నిర్వచించింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీలు సంరక్షకులను నియమించే పద్ధతీ పక్కనే కొనసాగుతోంది. రెండింటి స్వభావం ఒకటి కాదు.

ఒకే మనిషి, మూడు కాగితాలు

మూడు బడులను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంకో ఊహాత్మక ఉదాహరణ. నల్లగొండ జిల్లాలో తాటిచెట్టు మీంచి పడి వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న గీత కార్మికుడు. కాళ్లలో కదలిక, స్పర్శ లేవు. ఏం కావాలని అడిగితే ఒకే మాట అంటాడు: నడవాలి.

ప్రత్యామ్నాయాల బడి ఈ కోరికను పక్కన ఉంచి, తేల్చదగ్గ ప్రశ్నను ముందుకు తెస్తుంది. మూత్రం కోసం పూటపూటకూ తనే గొట్టం పెట్టుకోవడమా, శాశ్వతంగా గొట్టం ఉంచుకోవడమా? ఇన్ఫెక్షన్లు, శుభ్రత, ఖర్చు, బయటికి వెళ్లగలగడం అన్నీ పోల్చి చూపిస్తుంది. ఇది చాలా ఉపయోగమైన పని. నడక గురించి మాత్రం సంభావ్యత చెప్పి ఆగిపోతుంది. లక్ష్యాల బడి నడకను మెట్లుగా విరగ్గొడుతుంది. మూడు వారాల్లో సాయం లేకుండా మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడం, పుండ్లు పడకుండా ఒత్తిడి మార్చుకోవడం. వీటిలో ప్రతిదీ కావలసిందే. పత్రంలో నడక అన్న మాట ఎక్కడా లేదని ఆ మనిషి గమనిస్తే జట్టు మీద నమ్మకం ఆ రోజే పోతుంది. మద్దతు బడి అతని దగ్గరికి వీల్‌చైర్ మీద బతుకు నడుపుకుంటున్న ఇంకో మనిషిని తీసుకొస్తుంది. నడిచి ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నావని అడుగుతుంది. కల్లు దుకాణం దగ్గరికా, కూతురి ఊరికా? అది తేలాక వేరే దారులు కనిపిస్తాయి. ఈ బడికి సమయం కావాలి, అనుభవజ్ఞులైన తోటివాళ్లు కావాలి. ఫలితాన్ని అంకెలో చూపడం కూడా కష్టమే. పరిశోధకులు దీన్ని తక్కువగా పట్టించుకోవడానికి అదీ ఒక కారణమే.

పోల్చి చెప్పాలంటే మొదటి బడి ఒకసారి తీసుకునే, వెనక్కి మరల్చలేని నిర్ణయాలకు సరిపోతుంది. రెండోది సాగుతూ పోయే పనికి, జట్టంతా ఒకే దిక్కు చూడటానికి. మూడోది లేకుండా మొదటి రెండూ మాట్లాడగలవాళ్ల సొత్తుగా మిగిలిపోతాయి. ఎక్కువ కేంద్రాల్లో రెండోదే ఉంటుంది, దాన్నే ఉమ్మడి నిర్ణయమని లెక్క చూపుతారు. నిజానికి ఒక పద్ధతి ఉమ్మడిదో కాదో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు: రోగి చెప్పిన మాట వల్ల జట్టు తన ప్రణాళికలో ఏదైనా మార్చుకోవాల్సి వచ్చే మెట్టు అందులో ఉందా? లేకపోతే అది మర్యాదగా తీసుకున్న సంతకం.

కుటుంబం ఎక్కడ కూర్చోవాలి

పాశ్చాత్య నమూనాల్లో కుటుంబం వెనక వరసలో ఉంటుంది. మన దగ్గర మొదటి మాటే వాళ్లది. మంచం పక్కన ఉండేది, ఫీజు కట్టేది, స్నానం చేయించేది వాళ్లే. కాబట్టి కుటుంబాన్ని పక్కన పెట్టే ఏ పద్ధతీ ఇక్కడ నిలవదు. అయితే కుటుంబమే అంతా నిర్ణయించడం కూడా ఉమ్మడి కాదు. ఆడవాళ్లకు పునరావాస గడువును ఇంటి పనులే నిర్ణయించడం, పెద్దవాళ్లకు ఈ వయసులో ఇంకెందుకని ఆపేయడం కొత్తవి కావు.

కుటుంబం చేతికి పునరావాసాన్ని అప్పగిస్తే ఏమవుతుందో చూసిన పెద్ద ప్రయోగం మన దేశంలోనే జరిగింది. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో నడిచిన ‘అటెండ్’ ప్రయోగ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఒక కుటుంబ సభ్యుడికి శిక్షణ ఇచ్చి, రోగితో కలిసి లక్ష్యాలు పెట్టించి, ఇంట్లో వ్యాయామాలు చేయించారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడేవాళ్లు కలిపి ఈ శిక్షణ ఉన్న, లేని రెండు గుంపుల్లోనూ 47 శాతం. ఏ తేడా లేదు. ఉమ్మడి లక్ష్యాలు ఓడిపోయాయని దీన్ని చదవడం తొందరపాటు. అక్కడ లక్ష్యాలు పెద్ద పొట్లంలో ఒక చిన్న భాగం. నిపుణుడి సమయానికి బదులుగా కుటుంబ శ్రమను పెట్టడం ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్నకు మాత్రం అది గట్టి హెచ్చరిక.

ఇంకో చిక్కు వైకల్యాన్ని మనం లెక్కించే తీరులో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో వికలాంగుడికి రాజ్యం ఎదురయ్యే మొదటి చోటు చాలాసార్లు సదరం శిబిరమే. అక్కడ మనిషికి ఒక శాతం వస్తుంది. 40 లేదా అంతకు మించితే పింఛను, రాయితీలు. ఆ శాతం శరీరంలో లోపం ఎంతో చెబుతుంది, ఆ మనిషి ఏం చేయాలనుకుంటున్నాడో చెప్పదు. చెప్పాలని ఆశించడమూ తప్పే. అయితే మెరుగుపడితే శాతం తగ్గి పింఛను పోతుందేమోనన్న భయం ఉన్నచోట, పునరావాస కేంద్రం నీ లక్ష్యం ఏమిటని అడిగితే నిజమైన జవాబు వస్తుందా?

ఇంకా తేలనివి

ఉమ్మడి నిర్ణయం జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? బయటి మనిషి సంభాషణను విని మార్కులు వేసే ‘ఆప్షన్’ స్కేలుంది. రోగే మూడు ప్రశ్నలకు జవాబిచ్చే ‘కొలాబొరేట్’ ఉంది. వైద్యుడి ఎదుట ఏం జరిగిందో తొమ్మిది అంశాల్లో చెప్పే జర్మన్ ప్రశ్నావళి ఉంది. రోగులు వేసే మార్కులు తరచూ దాదాపు పూర్తిగా ఉంటాయి, బయటివాళ్లు వేసేవి తక్కువగా ఉంటాయి. రోగి మర్యాద కొద్దీ వేశాడా, బయటివాళ్లు చూడలేనిది అతను చూశాడా అన్నది తేలలేదు. డాక్టరుగారికి తక్కువ మార్కులు వేయడానికి మొహమాటపడే సమాజంలో ఈ కొలతల్ని నేరుగా తర్జుమా చేసి వాడటం మరింత ప్రమాదం.

ఆశ సంగతి రెండోది. సాధ్యం కాదని తెలిసిన లక్ష్యాన్ని పత్రంలో రాయడం అబద్ధమా, దయా? రాయకపోవడం నిజాయితీయా, పెద్దరికమా? ఈ విషయంలో పరిశోధన కంటే థెరపిస్టుల అలవాట్లే ఎక్కువ పనిచేస్తున్నాయి. మూడోది సిబ్బంది. ప్రపంచవ్యాప్తంగా 2019లో 241 కోట్ల మందికి పునరావాసం మేలు చేయగల పరిస్థితి ఉందని 2020లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఒక్కొక్కరితో ముప్పావుగంట ముఖాముఖి చేయమని రోజుకు ముప్ఫైమందిని చూసే థెరపిస్టుకు చెప్పడం సులువు. ఆ ముప్పావుగంట ఏ వ్యాయామంలో కోత పెడితే వస్తుందో కూడా చెప్పాలి.

అన్నిటికంటే తక్కువగా చర్చించింది, తీసుకున్న నిర్ణయాన్ని తిరిగి తెరిచే విషయం. గాయమైన నెలకు నడకే కావాలన్న మనిషికి ఏడాదికి ఒక దుకాణం కావాలనిపించవచ్చు. పరిమిత సంరక్షకత్వాన్ని మన చట్టం ఒక కాలానికి, ఒక విషయానికే పరిమితం చేసింది. చికిత్సా పద్ధతులకు అలాంటి గడువు ఊహ ఇంకా రాలేదు. లక్ష్యాల పట్టికలో తేదీ ఉంటుంది కానీ అది మార్కులు వేసే తేదీ. మధ్యలో లక్ష్యం మార్చుకుంటే మొదట వేసిన 0కు అర్థం పోతుంది, కేంద్రం స్కోరు చెడుతుంది. మార్చుకోకపోతే మనిషి ఇప్పుడు కోరనిదాన్ని సాధించామని ఫైలులో రాసుకోవాలి. ఈ రెండింటిలో ఏ తప్పు చేయాలో చెప్పే పద్ధతిని ఏ బడీ ఇంకా ముందుకు తేలేదు.